పిట్స్‌బర్గ్ పాత కోర్టు, జైలు: ఒక రిటైర్డు సిరస్తాదారు తనిఖీ

ముందు తీర్పు, తరువాత కారణాలు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, గ్రాంట్ స్ట్రీట్ మీద ఉన్న అలెగెనీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కోర్టు భవనానికీ, దాని వెనక ఉన్న పాత జైలుకూ కలిపి అయిదుకు నాలుగు చుక్కలు. తగ్గిన ఆ ఒక్క చుక్కలో కట్టినవాడి తప్పేమీ లేదు. తరువాత వచ్చినవాళ్ళు చేసిన నిర్వాకానికి అది జరిమానా.

నేను ఆంధ్రలో జిల్లా కోర్టుల్లో కాపీయిస్టుగా చేరి, చాలాకాలం బెంచి క్లర్కుగా నలిగి, సిరస్తాదారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుకని కోర్టు భవనం చూడగానే నా కళ్ళు శిల్పాల మీదికి పోవు. ముద్దాయిని ఏ దారిన తెస్తారు, సాక్షులకు కూర్చునే చోటుందా, రికార్డు గదికి చెమ్మ తగులుతుందా, ఉక్కబోత రోజుల్లో బెంచీకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది... ఇవీ నేను చూసేవి. ఈ లెక్కన చూస్తే, నేను చూసిన కోర్టు భవనాల్లో పని తెలిసి కట్టినది ఇదే.

పిట్స్‌బర్గ్ వచ్చే మనవాళ్ళు చాలామంది పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని, అటునుంచి అటే కారెక్కి వెళ్ళిపోతారు. ఆ గుడి కూడా ఈ కౌంటీలోదే. అక్కడిదాకా వచ్చినవాళ్ళు, పనిరోజైతే, నగరం నడిబొడ్డుకు వచ్చి ఒక పూట ఇక్కడ గడపండి. టిక్కెట్టు లేదు.

ఇక్కడ ఇంతకుముందు ఒక పాత కోర్టు ఉండేది, గోపురంతో, గ్రీకు పద్ధతి స్తంభాలతో. 1882 మే 7న అది తగలబడింది. కోర్టు తగలబడిందంటే మామూలు మనుషులకు మంటలు గుర్తొస్తాయేమో గాని, నాకు దస్తావేజులూ, చరిత్రలూ, పెండింగు కేసుల రిజిస్టర్లూ గుర్తొస్తాయి. ఈసారి అగ్గికి చలించని రాయితో కట్టాలని కౌంటీ అధికారులు అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. అయిదుగురు వాస్తుశిల్పులను నమూనాలు ఇమ్మని పిలిచారు. 1884 మొదట్లో ఎంపికైనవాడు హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్. లూసియానాలో 1838లో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, పారిస్‌లో వాస్తువిద్య నేర్చినవాడు. అప్పటికే బోస్టన్‌లోని ట్రినిటీ చర్చితో పేరు మోగిపోయింది. లావుపాటి రాళ్ళు, గుండ్రని కమానులు, బరువైన గోడలు ఆయన ముద్ర. ఆ తీరుకు అమెరికాలో ఆయన పేరే పెట్టేశారు.

మనిషి భారీకాయం, మూత్రపిండాల జబ్బు. పని మొదలయ్యేటప్పటికే ఆరోగ్యం చెడింది. పిట్స్‌బర్గ్ పని పూర్తిచేసేంత ఆయుష్షు దొరికితే చాలు, ఆ తరువాత ఒక్క రోజు కూడా అక్కర్లేదని అనేవాడట. దొరకలేదు. 1886 ఏప్రిల్ 27న, నలభై ఏడేళ్ళకే పోయాడు. జైలు ఆ ఏడాదే పూర్తయింది. కోర్టును ఆయన కార్యాలయాన్ని అందుకున్న షెప్లీ, రూటన్, కూలిడ్జ్ అనే ముగ్గురు 1888లో ముగించారు. మేస్త్రీ పని మసాచుసెట్స్‌కు చెందిన నార్‌క్రాస్ బ్రదర్స్ అనే కాంట్రాక్టర్లది. రాయి కూడా ఆ రాష్ట్రానిదే, మిల్‌ఫోర్డ్ గ్రానైటు. దగ్గరకు వెళ్ళి చూస్తే బూడిదరంగులో లేత గులాబీ జీర కనిపిస్తుంది. ఖర్చు ఆ రోజుల్లోనే 20 లక్షల డాలర్లు దాటింది.

ఇక గాలి సంగతి. ఈ ఒక్క విషయానికే నేను మూడు చుక్కలు ఇచ్చేవాణ్ణి.

గ్రాంట్ స్ట్రీట్ వైపు భవనం మధ్యలో దాదాపు 250 అడుగుల శిఖరం లేస్తుంది. దాన్ని చూసి అందరూ హోదా కోసం కట్టారనుకుంటారు. నిజానికి అది గాలి పీల్చే గొట్టం. ఆ రోజుల్లో పిట్స్‌బర్గ్ అంటే ఉక్కు కొలుములు, బొగ్గు పొగ. మధ్యాహ్నం వేళ కూడా వీధిదీపాలు వెలిగించుకోవలసి వచ్చిన ఊరు, ఉదయం వేసుకున్న తెల్లచొక్కా సాయంత్రానికి నల్లబడే ఊరు. కిటికీ తెరిస్తే బల్ల మీది కాగితాల మీద మసి. అందుకని రిచర్డ్‌సన్ వీధి మట్టంలో గాలిని నమ్మలేదు. మసి పొరకు పైన, శిఖరం కొనలో ఉన్న రంధ్రాల ద్వారా గాలిని లోపలికి లాగి, నేలమాళిగకు దింపి, అక్కడి నుంచి గదులకు పంపే ఏర్పాటు చేశాడు. వాడిన గాలి బయటకు పోవడానికి వెనకవైపు ఉన్న రెండు చిన్న శిఖరాలు. ముందు శిఖరం పీలుస్తుంది, వెనకవి వదులుతాయి. ఇప్పుడు ఆ పొగా లేదు, చుట్టూ అంతకంటే ఎత్తు మేడలు మొలిచాయి, లోపల యంత్రాలతో చల్లబరుస్తున్నారు. అయినా ఆ ఆలోచన వెనక ఉన్న శ్రద్ధ చూడండి. మేజిస్ట్రేటు గారి ఫ్యాను ఆగితే కోర్టు మొత్తం విసనకర్రలై ఊగిన రోజులు చూసినవాణ్ణి నేను. జడ్జికి, ప్లీడరుకు, బంట్రోతుకు, బోనులో నిలబడ్డవాడికి ఒకే గాలి అందాలని 1880లలో ఒక మనిషి లెక్కవేసి కట్టాడంటే దణ్ణం పెట్టాలనిపించింది.

వెలుగుకు కూడా అలాంటి ఏర్పాటే. భవనం నాలుగు పక్కలా ఉండి, మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ముంగిలి. గదులకు వీధి వైపు నుంచో, ముంగిలి వైపు నుంచో వెలుతురు వస్తుంది. బయటి గోడల గాంభీర్యం లోపలి గోడలకు లేదు. వరసలు వరసలుగా కమానులు, అంతే. ఒకప్పుడు దాన్ని కార్లు నిలుపుకోవడానికి వాడుకున్నారు. ఏ దేశమైనా కోర్టు ఆవరణ కనిపిస్తే బండి పెట్టాలనిపించడం మనిషి సహజ గుణం కాబోలు. 1970లలో బుద్ధి తెచ్చుకుని చెట్లు నాటి, మధ్యలో ఫౌంటెన్ పెట్టారు. మధ్యాహ్నం గుమాస్తాలు, ప్లీడర్లు, కక్షిదారులు అక్కడే బెంచీల మీద డబ్బాలు విప్పుకుని తింటారు. మా ఆవిడ ఆ కమానుల నీడలో కూర్చుని, "గుడి ప్రాకారంలో కూర్చున్నట్టుంది, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఉన్నాయి" అంది. కాళ్ళు మాత్రం కడగనివ్వలేదు నేను.

లోపలికి వెళ్ళే ముందు తనిఖీ ఉంటుంది. విమానాశ్రయంలో లాగే సంచులు యంత్రంలో పెట్టాలి. మా ఆవిడ గాజులకూ మెట్టెలకూ యంత్రం కూత పెట్టింది. అక్కడి ఉద్యోగి మర్యాదగా చేతి యంత్రంతో చూసి పంపేశాడు. చాకు, కత్తెర, సూది దబ్బనం లాంటివి ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

ఇప్పుడు జరిమానా సంగతి. మీరు ఇప్పుడు ప్రవేశించే చోటు రిచర్డ్‌సన్ ఉద్దేశించిన ముఖద్వారం కాదు, ఆయన నేలమాళిగ. గ్రాంట్ స్ట్రీట్ ఒక గుట్ట మీద ఉండేది. 1758లో ఫ్రెంచివాళ్ళ కోట మీదికి వచ్చి, ఈ గుట్ట దగ్గరే చిత్తుగా ఓడిపోయిన జేమ్స్ గ్రాంట్ అనే బ్రిటిష్ సైనికాధికారి పేరే ఈ వీధికి పెట్టారు. ఓడినవాడి పేరు వీధికి పెట్టడం నాకు నచ్చింది. మన ఊళ్ళలో అలాంటి ఉదారత తక్కువ. బళ్ళకు ఎక్కుడు కష్టంగా ఉందని 1912, 1913లలో ఆ గుట్టను తవ్వి, కొన్నిచోట్ల పదహారు అడుగుల దాకా వీధిని దింపేశారు. దాంతో కోర్టు గుమ్మం గాలిలో నిలిచిపోయింది. బయట మెట్లు కట్టారు. 1920ల చివర వీధిని వెడల్పు చేయాలని ఆ మెట్లు కూడా తీసేసి, కింది అంతస్తులో ద్వారాలు తెరిచారు. ఒకప్పుడు గుమ్మానికి అటూ ఇటూ మనుషుల పక్కన కూర్చున్న రాతి సింహాలు ఇప్పుడు తలెత్తి చూస్తే గాని కనిపించనంత పైన ఉన్నాయి. గోడ కింది భాగం నునుపుగా, ముఖం లేనట్టు ఉండడానికి కారణం ఇదే. పునాది పనికి ఉద్దేశించిన రాయి వీధి ముఖానికి వచ్చింది.

అందుచేత లోపల అడుగుపెట్టగానే తక్కువ ఎత్తు కప్పు, ఇరుకు. నిరాశ పడకండి. మెట్లెక్కండి. అసలు మొదటి అంతస్తు చేరాక పెద్ద మెట్ల దారి మొదలవుతుంది. దాన్ని చూడటానికి తొందరపడకూడదు. ఒక మూల నిలబడితే కమాను వెనక కమాను, దాని పైన మరో కమాను, ఒకటి ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నాలుగు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగితే అవే కమానులు వేరే వరసలో కనిపిస్తాయి. మెట్ల అంచులు అరిగి కొద్దిగా లోతుపడ్డాయి. గోడవైపు అరుగుదల ఎక్కువ, మధ్యలో తక్కువ. తీర్పు వినడానికి పోయేవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తారని నాకు ముందే తెలుసు. అన్ని కోర్టుల్లోనూ అంతే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు లిఫ్టులు ఉన్నాయి.

అదే అంతస్తులో విన్సెంట్ నెస్బర్ట్ గీసిన గోడచిత్రాలు ఉన్నాయి. న్యాయం, శాంతి, పరిశ్రమ వగైరా. చూడవచ్చు. నాకు పెద్దగా పట్టలేదు.

మూడో అంతస్తులో 321వ నంబరు కోర్టు హాలును మాత్రం వదలవద్దు. మిగతా హాళ్ళను కాలక్రమేణా కప్పులు దింపి, గదులు చీల్చి, రూపు మార్చేశారు. దీన్ని ఒక్కదాన్ని 1980లలో రిచర్డ్‌సన్ నాటి తీరుకు తిరిగి తెచ్చారు. విచారణ జరుగుతుంటే నిశ్శబ్దంగా వెనక కూర్చోవచ్చు, ఇక్కడి కోర్టులు బహిరంగమే. నేను కూర్చున్నప్పుడు ఏదో చిన్న దరఖాస్తు నడుస్తోంది. ఎత్తు కప్పు, ముదురు రంగు చెక్కపని, పెద్ద కిటికీలు. ప్లీడరు గొంతు పెంచకుండానే వెనక బెంచీ దాకా వినపడింది. బెంచి క్లర్కు బల్ల జడ్జి బల్లకు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, కాగితం అందించడానికి లేవనక్కర్లేదు. నా నడుముకు ఆ సంగతి బాగా అర్థమైంది.

ఇక్కడ జరిగిన కేసుల్లో ఒకటి చెప్పాలి. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం సమ్మెలో కార్మికులు చనిపోయారు. ఆ కంపెనీని నడిపిన హెన్రీ క్లే ఫ్రిక్‌ను ఆయన ఆఫీసులోనే అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే అరాచకవాది తుపాకీతో కాల్చాడు, కత్తితో పొడిచాడు. ఫ్రిక్ బతికాడు. బెర్క్‌మన్‌ను ఈ జైల్లోనే ఉంచి, ఆ సెప్టెంబరులో విచారించారు. అతను ప్లీడరును పెట్టుకోలేదు. సాక్ష్యం, వాదన, శిక్ష అన్నీ ఒకే రోజులో ముగిశాయి, 22 ఏళ్ళు. వాయిదాల మీద వాయిదాలు రాసి వేళ్ళు అరిగినవాణ్ణి కనుక ఆ వేగం నాకు ముచ్చటగా ఉండాలి. లేదు. అంత బరువైన భవనం కట్టుకుని ఒక్క పూటలో 22 ఏళ్ళు లెక్క తేల్చేయడం అదోలా అనిపించింది. పదేళ్ళ తరువాత ఫ్రిక్ ఈ కోర్టుకు ఎదురుగానే తన పేరుతో పెద్ద మేడ కట్టించుకున్నాడు. కోర్టు శిఖరానికి దీటుగా నిలబడి, సాయంత్రపు ఎండను కోర్టు మీద పడనివ్వదు.

వెనక రాస్ స్ట్రీట్ వైపు వెళ్ళండి. వీధి మీదుగా కోర్టునూ జైలునూ కలిపే రాతి వంతెన కనిపిస్తుంది. వెనిస్ నగరంలో నిట్టూర్పుల వంతెన అని ఒకటి ఉంది, దాని పేరే దీనికీ పెట్టారు. పై కప్పు, పక్క గోడలు మూసి ఉంటాయి. ముద్దాయిని జైలు గదిలోంచి బోనుకు తీసుకురావడానికి వీధి మొహం చూపించనక్కర్లేదు. బేడీలతో జనం మధ్య నడిపించడం లేదు, బంధువులు మీదపడి ఏడవడం లేదు, ఎవరో ఒకరు సిగరెట్టు చేతిలో పెట్టడం లేదు. "ఎస్కార్టు రాలేదు, ముద్దాయిని హాజరుపరచలేదు" అని డైరీలో రాసి వాయిదా వేసే అవసరమూ లేదు. మన దగ్గర ఇప్పుడు రిమాండు పొడిగింపుకు తెర మీద మొహం చూపిస్తే సరిపోతోంది. ఆ పనినే వీళ్ళు నూరేళ్ళకు ముందు రాయితో చేశారు. 1995లో ఖైదీలను నది ఒడ్డున కట్టిన కొత్త జైలుకు తరలించేదాకా ఈ వంతెన పనిచేసింది.

జైలు గోడ దగ్గర మాత్రం నేను చాలాసేపు నిలబడ్డాను. అక్కడ బొమ్మలు లేవు, చెక్కుడు లేదు. ముఖం నునుపు చేయకుండా గరుకుగా వదిలేసిన గ్రానైటు దిమ్మెలు, కొన్ని మనిషి నిలువుకు మించి పొడవు. కింద పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. అరచెయ్యి ఆనిస్తే పలుగు దెబ్బ పడ్డ అంచు చర్మానికి గుచ్చుకుంటుంది. సందులు ఎంత సన్నగా ఉన్నాయంటే చేతిలో ఉన్న పార్కింగు రసీదు అంచు కూడా దూరలేదు. గుమ్మం కమానులో రాళ్ళు ఒక్కొక్కటీ నిలువెత్తువి. కోర్టు ముందు వైపు కట్టినవాడి గొప్పతనం చూపిస్తే, ఈ గోడ అతని నిగ్రహం చూపిస్తుంది. నిపుణులు కొందరు కోర్టుకంటే జైలే గొప్ప కట్టడం అంటారు. నా ఓటూ అటే.

గోడ ఎంత గట్టిదైనా 1902 జనవరి 30 తెల్లవారుజామున ఉరిశిక్ష పడ్డ ఇద్దరు అన్నదమ్ములు, ఎడ్, జాక్ బిడిల్, ఇక్కడి నుంచి తప్పించుకున్నారు. రంపాలూ తుపాకులూ అందించినది జైలు వార్డెన్ భార్య కేట్ సాఫెల్. ఖైదీలకు మంచిమాటలు చెప్పడానికని వెళ్ళేది, ఎడ్ మీద మనసుపడింది. నలుగురు పిల్లల తల్లి, వాళ్ళతోపాటే వెళ్ళిపోయింది. మంచులో గుర్రపు బండి మీద పోతుండగా బట్లర్ అనే ఊరి దగ్గర పోలీసులు కాల్చారు. అన్నదమ్ములు ఆ గాయాలతో చనిపోయారు, ఆమె బతికి జైలుశిక్ష అనుభవించింది. మా అమ్మాయి దీన్ని ప్రేమకథగా చెప్పింది. నేను శాఖాపరమైన విచారణగా విన్నాను: వార్డెన్ కాపురం జైలు ఆవరణలోనే, ఇంటివాళ్ళకు లోపలికి రాకపోకలు, తనిఖీ లేదు. అభియోగపత్రం నేనే రాసిపెట్టగలను.

ఆ తరువాత, 1904 నుంచి నాలుగేళ్ళలో ఫ్రెడరిక్ ఆస్టర్లింగ్ అనే వాస్తుశిల్పి జైలును పెంచాడు. రిచర్డ్‌సన్ పనికి అతికినట్టు కాకుండా కలిసిపోయేటట్టు పెంచాడు, అది మెచ్చుకోవాలి. 1995లో ఖాళీ అయ్యాక కూలగొట్టకుండా, లోపల మార్పులు చేసి కుటుంబ వ్యవహారాల కోర్టుగా మార్చారు. నాలుగు వైపులా రెక్కలు చీలే చోట ఉన్న ఎనిమిది పలకల హాలు ఇప్పటికీ పై కప్పు దాకా తెరిచే ఉంది. ఒకప్పుడు అక్కడ నిలబడ్డ కాపలావాడికి అన్ని వరసలూ కనిపించేవి. ఇప్పుడు అక్కడ విడాకులు, పిల్లల సంరక్షణ కేసుల కోసం వచ్చిన తల్లిదండ్రులు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. ఫోను తీసి ఫోటోలు తీయకండి. వాళ్ళు మీ విహారయాత్రలో భాగం కాదు.

పాత ఖైదు గదులు కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టుగా ఒక చిన్న ప్రదర్శనశాలగా నిలిపారు. ఇనుప ఊచలు, ఇరుకు మంచం, పెయింటు పెచ్చులూడిన గోడ. అది ప్రతిరోజూ తెరవరు, వెళ్ళే ముందు ఫోనుచేసి వేళలు కనుక్కోండి. శని, ఆదివారాలు కోర్టు మూత; అప్పుడు వెళితే బయటి గోడలూ వంతెనా మాత్రమే దక్కుతాయి. కారు అక్కడ నిలపడం ఖరీదు. ట్రామ్ రైలులో వచ్చి స్టీల్ ప్లాజా స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు నడక. శీతాకాలంలో రాస్ స్ట్రీట్ మీద గాలి మొహం కోసేస్తుంది, టోపీ మరవకండి.

మా అల్లుడు పౌరసత్వం తీసుకున్నాక జ్యూరీ విధికి రమ్మని పిలుపు వచ్చిందట. ఇక్కడే రోజంతా కూర్చుని, ఏ కేసుకూ ఎంపిక కాకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. శిఖరం సంగతి, కమానుల సంగతి అడిగితే, ఫోను చూసుకుంటూ కూర్చున్నానని చెప్పాడు. అలాంటి సమన్లు అందుకున్న తెలుగువాళ్ళు ఈ కౌంటీలో ఇంకా చాలామంది ఉంటారు. భోజన విరామంలో ముందు మెట్ల దారి, తరువాత ముంగిలి, సమయం మిగిలితే రాస్ స్ట్రీట్ వంతెన. ఈ వరసలో చూస్తే గంటలో తిరిగి మీ కుర్చీలోకి రావచ్చు.